మదం సూది

గూడూరు నిమ్మకాయల మండీలో కాయలు ఏరి, గోతాలు కుట్టే మునస్వామి ఒకప్పుడు ఏనుగు మీద కూర్చుని ఊళ్లు తిరిగినవాడంటే అక్కడ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానె, ఆయన కూడా చెప్పుకోడు. ఎవరైనా కదిలిస్తే, "మాది ఐరాల దిక్కప్పా. బాయి ఎండిపొయ్యి ఇట్లా వస్తిమి" అని ఊరుకుంటాడు. ఐరాల దిక్కు అన్నది నిజమే. బావి ఎండిందన్నదీ నిజమే, కాకపోతే అది ఎప్పుడో ఎనభై నాలుగులో. మధ్యలో ఉన్న ఇరవై రెండేళ్లను మాత్రం మింగేస్తాడు. ఎందుకు మింగేస్తాడో తెలిస్తే మీరూ అడగరు.

ఆ ఎనభై నాలుగులో మునస్వామికి పందొమ్మిదేళ్లు. మేనమామ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఒక మఠంలో పనికి పెట్టాడు. మఠం పేరు ఎందుకులెండి, చిత్తూరుకూ తిరుపతికీ మధ్య ఎక్కడో ఉందనుకోండి. అక్కడ రంగడని ఒక మగ ఏనుగు. అప్పటికి వాడికి పన్నెండేళ్లు, దంతాలు మూరెడు కూడా లేవు. వాణ్ని సాకే మావటి కుప్పుస్వామి, గుడియాత్తం నుంచి వచ్చిన ముసలాయన. మేత కోసుకురావడం, పేడ ఎత్తడం మునస్వామి పని.

కుప్పుస్వామి నోరు మంచిది కాదు. ఎవర్నో ఒకర్ని తిట్టందే ఆయనకు తెల్లవారదు. అట్లాంటి మనిషి రంగణ్ని మాత్రం ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. అంకుశాన్ని గోడకు తగిలించి, దానికి కుంకుమ పెట్టి, అక్కడే వదిలేశాడు. పొద్దున్నే ఎదురుగా నిలబడి తొడ మీద రెండుసార్లు చరిస్తే రంగడు కుడి ముంగాలు మడిచి పైకెత్తేవాడు. ఆ కాలి మీద అడుగు పెట్టి మెడ మీదికి ఎక్కడమే. మునస్వామికి కాలు ఎత్తడానికి రంగడికి మూడేళ్లు పట్టింది. ఎత్తడం మొదలుపెట్టాక మాత్రం తొడ చరచడం కూడా అక్కర్లేకపోయింది. మునస్వామి ఒంటి వాసన తగిలితే చాలు, కాలు లేచేది.

తొంభై మూడులో రంగడికి మొదటిసారి మదం గట్టిగా పట్టింది. మదం అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఈడొచ్చిన మగ ఏనుగుకు ఏడాదికోసారి రెండు మూడు నెలలు ఒళ్లు తెలియదు. కంటికీ చెవికీ నడుమ ఉబ్బి, నూనెలాంటి చెమ్మ కారుతుంది. ఉచ్చ ఆగదు. అన్నం పెట్టిన చేతినే విరుస్తుంది. ఆ చెమ్మను కుప్పుస్వామి చూశాడు, చూసి కూడా, రేపు కడదాంలే అనుకున్నాడు. ఆ రేపటి పొద్దునే రంగడు ఆయన్ని తొండంతో ఎత్తి కొట్టాడు. నెల తిరక్కుండా ముసలాయన పోయాడు.

పోయేముందు మునస్వామిని మంచం దగ్గరికి పిలిచి రెండు మాటలు చెప్పాడు.

"సెమ్మ కనపడినదినమే కట్టెయ్యిరా. తెల్లారనీలే అంటివా, నా గతే నీకు. ఇంకోటి. మదంలో వాడికి రాగిముద్ద ఆపేస్తాము గదా. ఆపినన్నాళ్లు నువ్వూ ముట్టబాక. వాడికి లేనిది నీకేలరా, ఎదవా?"

తిట్టుతోనే కన్ను మూశాడు. ఆ తిట్టే మునస్వామికి ఉపదేశం.

అట్లా మునస్వామి మావటి అయ్యాడు. తోడుగా ఓబయ్య అని ఇంకో మనిషిని పెట్టారు, నోరు మూతపడని వాగుడుకాయ. పదేళ్లు మునస్వామి ఆ రెండు మాటలూ తప్పలేదు. ఏటా మార్గశిరం వస్తే చాలు, రోజూ పొద్దున్నే రంగడి కణత వైపు చూసేవాడు. చెమ్మ కనపడిందంటే ఆ పూటే మఠం వెనక చింతతోపులోకి నడిపించుకుపోయి కట్టేసేవాడు. ముందుకాళ్లకు గొలుసు, వెనకకాళ్లకు గొలుసు. బలమైన తిండి తగ్గిస్తే మదం తొందరగా దిగుతుందని బెల్లం కలిపిన రాగిముద్దలు మానిపించి వట్టిగడ్డి విసిరేవాళ్లు. నీళ్లు దూరం నుంచి పైపుతో కొట్టేవాళ్లు. రంగడు గొలుసు లాగి లాగి కాళ్లు పుండ్లు పడేవి. దగ్గరికి పోయి మందు రాసే దారి లేదు. ఈగలు ముసురుతుంటే మునస్వామి ఇరవై గజాల దూరంలో కూర్చుని చూసేవాడు. అంతకంటే ఏం చెయ్యగలడు?

ఇంట్లో భార్య చంద్రకాంతమ్మకు ఆ నెలల్లో పట్టరాని కోపం. "ఏనుక్కి మదమొస్తే మా ఇంట్లో రాగిసంగటి గెలకకూడదా? ఇదేం సోద్యమప్పా!" అని గిన్నెలు ఎత్తి కుదేసేది.

"నువ్వు తినుమే. నిన్నెవరు వద్దనిరి?"

"నువ్వు సూస్తా కూసుంటే నాకు గొంతు దిగుతుందా?"

మొత్తానికి ఆమె కూడా తినేది కాదు. చిత్తూరు జిల్లాలో పుట్టి మూడు నెలలు సంగటి మొహం చూడకుండా ఉండడం అంటే మాటలు కాదు.

రెండువేల నాలుగులో డాక్టరు జయంతి వచ్చింది. తిరుపతిలో పశువైద్యం చదివి, ఏనుగుల మీద ఏదో పరిశోధన చేస్తున్న పిల్ల. జీన్స్ ప్యాంటు వేసుకుని, చేతికి తొడుగు వేసుకుని, రాగానే రంగడి పేడలో చెయ్యి పెట్టింది. ఓబయ్య నోరు తెరిచాడు, మునస్వామికి మాత్రం అప్పుడే ఆ పిల్ల మీద గురి కుదిరింది. గొలుసు పుండ్లను ఆమె ఒక్కొక్కటే వేలితో కొలిచి రాసుకుంది. తరువాత మెల్లగా చెప్పుకొచ్చింది.

"మదం రాకుండా ఒక సూది ఉందన్నా. తలలోనుంచి కిందికి ఒక కబురు పోతుంది. ఆ కబురు అందితేనే వృషణాల్లో మగతనపు రసం ఊరేది, మదం పట్టేది. ఈ సూది వేస్తే ఒంట్లోని రక్షణే ఆ కబురును దారిలో ఆపేస్తుంది. కోత లేదు, కుట్టు లేదు. పిల్లలు పుట్టే శక్తి కూడా తగ్గిపోతుంది. కొన్ని దేశాల్లో ఏనుగుల మంద పెరక్కుండా ఉండడానికే ఇట్లాంటివి వేస్తారు. ఆపేస్తే కొన్నాళ్లకు మళ్లీ మామూలు అవుతుంది."

ఓబయ్య ఎగిరి గంతేశాడు. "ఏనుక్కి కుటుంబ నియంత్రణ! ఏమ్మా, ఆపరేసన్ సేసుకున్నోళ్లకు సర్కారోళ్లు బకెట్టు ఇస్తా ఉన్నిరి గదా, మా రంగడికీ ఇస్తారా? వాడికి బకెట్టు సాలదు, తొట్టి ఇప్పించు."

మునస్వామి నవ్వలేదు. "గొలుసు ఎయ్యాల్సిన పని ఉండదా మేడమ్?" అని ఒక్కటే అడిగాడు.

"రోజూ కట్టే చిన్న గొలుసు తప్ప, తోపులో గొలుసు ఉండదన్నా. దాని కోసమే కదా నేను తిరిగేది."

మఠం వ్యవహారాలన్నీ చూసేది ఏజెంటు పరంధామయ్య. తెల్ల పంచె, జేబులో పెన్ను, ఎప్పుడూ నవ్వు మొహం. సూది అనగానే మొదట ససేమిరా అన్నాడు. మఠం ఏనుగు మీద ప్రయోగాలేమిటన్నాడు. మునస్వామి జన్మలో మొదటిసారి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. "మీకు పున్నెం ఉంటుంది సామీ, ఆ గొలుసులు నేను సూడలేను" అని ఏడ్చాడు. పరంధామయ్య ఆ ఏడుపు విన్నాడో లేదో గానీ, డాక్టరమ్మను ఒక ప్రశ్న అడిగాడు.

"ఏడాది పొడుగునా గమ్మున ఉంటాడా?"

"బాగా పని చేస్తే ఉంటాడండీ."

"అయితే ఏసెయ్యండి."

ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో ఆ పూట మునస్వామికి తట్టలేదు. తట్టి ఉంటే ఆ కాళ్లు పట్టుకునేవాడు కాదు.

నెల ఎడంగా రెండు సూదులు, ఆపైన ఆరునెలలకొకటి. మందు సీసాలు ముందుగా వచ్చి పరంధామయ్య ఇంట్లోని ఫ్రిజ్జులో పెరుగు గిన్నెకూ మల్లెపూల పొట్లానికీ నడుమ ఉండేవి. డాక్టరమ్మ వచ్చిన రోజు ఐసు డబ్బాలో పెట్టి తెచ్చిచ్చే పని మునస్వామిది. "ఎండ తగలనియ్యకన్నా. తగిలిందంటే నీళ్లతో సమానం" అని ఆమె ప్రతిసారీ చెప్పేది. వారం వారం పేడ ముద్దను చిన్న డబ్బాలో పెట్టి, తేదీ రాసి పంపాలి. ఎక్కడో దూరాన పరీక్ష చేస్తారు, ఫలితం రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. నోటు పుస్తకంలో రంగడి నడవడి రాయాలి: మాట విన్నాడా, తల విసిరాడా, కణత తడిసిందా. మునస్వామి పెద్దగా చదువుకోలేదు. అయినా కూడబలుక్కుని రాసేవాడు.

ఆ ఏడు మార్గశిరం వచ్చింది, చెమ్మ లేదు. పుష్యం వచ్చింది, చెమ్మ లేదు. రంగడు దూడలాగా తొండం ఊపుకుంటూ మునస్వామి భుజాన ఉన్న తువ్వాలు లాగేవాడు. చంద్రకాంతమ్మ సంక్రాంతి చలిలో సంగటి గెలికి, చెనిక్కాయల ఊరుబిండి నూరి, మొగుడి ముందు పెట్టి, ఆయన తింటుంటే కళ్లు తుడుచుకుంది. రంగడి ముద్దలు వాడికి, వీళ్ల ముద్దలు వీళ్లకు. మునస్వామి బతుకులో అంతకు మించిన పండగ రాలేదు.

ఎన్నాళ్లు? రెండంటే రెండు నెలలు.

మాఘం పెళ్లిళ్లతో మొదలైంది. ఇదివరకు ఆ రోజుల్లో రంగడు తోపులో ఉండేవాడు, ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు సూది వేసిన ఏనుగు, పసిపిల్లలు తోక పట్టుకున్నా ఏమీ అనదని పరంధామయ్య నలుగురికీ చెప్పాడు. ఇంకేముంది! పెళ్లికి రంగడు, గృహప్రవేశానికి రంగడు, బట్టల అంగడి తెరిస్తే రంగడు. ఇవాళ పుత్తూరు, రేపు పీలేరు, ఎల్లుండి మదనపల్లె. లారీ ఎక్కించడం, దించడం, బ్యాండు మేళం, చెవుల దగ్గర టపాకాయలు. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద వాణ్ని మూడు మైళ్లు నడిపించారు. తారు కరిగి అరికాళ్లకు అంటుకుంది. రంగడు ఒక్కో కాలు ఎత్తి గాల్లో పట్టుకుని, దించలేక దించేవాడు. మునస్వామి పైన కూర్చుని ఆ వణుకు తన తొడల కింద తెలుసుకున్నాడు.

అప్పుడు అర్థమైంది ఆయనకు. మదం పోయింది సరే, మదంతోపాటు ఏడాదిలో రంగడికి దొరికే ఆ మూడు నెలల తోపు, నీడ, ఇసుక నేల కూడా పోయాయి. గొలుసు పుండ్లు పడేవి, నిజమే. కానీ అరికాళ్లు మానేవి. మదం ఉన్నన్నాళ్లు రంగడి జోలికి పోయే దమ్ము పరంధామయ్యకు కాదు గదా, ఆయన్ని కన్నవాడికి కూడా ఉండేది కాదు. ఏనుగుకు ఉన్న ఒకే ఒక్క అడ్డు అది. ఆ అడ్డును కాళ్లు పట్టుకుని మరీ తీసేయించింది తానే.

ఆ వానాకాలానికి రంగడి వెనక కుడి అరికాలు పగిలి గోటి పక్కన చీము పట్టింది. మునస్వామి వేపనూనెలో పసుపు కాచి పోస్తూ, ఏజెంటు దగ్గరికి పోయాడు.

"సామీ, వాడికి రొంత రెస్టు ఇయ్యండి. ఒక్క నెల. కాలు మానిపోతాది."

"రెస్టా? రాగిముద్దలు ఊరికే వస్తా ఉండాయా? మదం లేదు, రోగం లేదు, రెస్టెందుకు?"

"కాలు సూడండి సామీ."

"నడస్తా ఉండాడు గదా!" అని నవ్వు మొహంతోనే పరంధామయ్య లోపలికి పోయాడు.

నడుస్తూ ఉన్నాడు కదా. ఆ మాట మునస్వామి చెవిలో నాలుగు నెలలు గింగురుమంది.

రెండువేల ఐదు కార్తీకంలో మందు సీసా వచ్చింది. సూది రోజు ఎల్లుండి. పరంధామయ్య ఇంట్లోవాళ్లు తిరుమలకు పోయారు, తాళం మునస్వామికిచ్చారు. ఆయన ఫ్రిజ్జు తెరిచి, సీసా తీసుకుని, ఏనుగు కొట్టం రేకుల మీద పెట్టాడు. రెండు రోజులు ఎండలో కాల్చాడు. మూడో పొద్దున మళ్లీ ఫ్రిజ్జులో పెట్టి, చల్లబడ్డాక ఐసు డబ్బాలో డాక్టరమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె సూది ఎక్కిస్తున్నంతసేపూ రంగడి చెవి పట్టుకుని నిలబడ్డాడు.

ఆయన లెక్క ఒక్కటే. మార్గశిరంలో మదం వస్తుంది. వచ్చిననాడే తోపులో కట్టేస్తాను. మూడు నెలలు ఒక్కడు రాడు. కాలు మానుతుంది. అంతే. ఎవరికీ చెప్పలేదు, ఓబయ్యకు కూడా.

మార్గశిరంలో మదం రాలేదు. పాత సూదుల బలం ఒంట్లో ఇంకా ఉందని, అది దిగిపోయాకగానీ మదం తిరిగి రాదని ఆ మనిషికి ఎట్లా తెలుస్తుంది? అడగడానికి నోరెక్కడిది? పుష్యం పోయింది, మాఘం పోయింది. రోజూ కణత వైపు చూసి చూసి విసిగిపోయాడు. ఎండలో పెట్టినా ఈ పాడు మందు పని చేసిందే అని తలకొట్టుకున్నాడు. ఏనుగు మదం అంటే చలికాలంలో వచ్చేదేనని పదేళ్ల అలవాటు. ఫాల్గుణం రాగానే చూడడం మానేశాడు. వచ్చే ఏటికి చూద్దాంలే అనుకున్నాడు.

చైత్రంలో ఒకనాటి పొద్దున, నుదుటికి నామం దిద్దబోతే వేలికి జిగురుగా తగిలింది. కణత ఉబ్బి ఉంది. మర్నాడు పక్క ఊళ్లో ఉత్సవం, వేలమంది జనం. పరుగున ఏజెంటు దగ్గరికి పోయాడు.

"సామీ, రంగడికి మదం వస్తా ఉండాది. తోపులో కట్టెయ్యాల."

పరంధామయ్య డాక్టరమ్మ కాగితం తీసి చూపించాడు. "కార్తీకంలో సూది ఏసినారు. మళ్లా వైశాఖంలో. ఈడ రాసి ఉండాది సూడు. సూది ఏసిన ఏనుక్కి మదమేందిరా? ఎండకు కారిన సెమట అది. నీకు రెస్టు కావాలని సెప్పు, ఒప్పుకుంటా."

నోటి దాకా వచ్చింది మాట. మందు నేనే చెడగొట్టినాను సామీ. ఆ ఒక్క మాట చెప్తే రంగణ్ని కట్టేస్తారు. ఆ ఒక్క మాట చెప్తే తన పని పోతుంది, మఠం ఇచ్చిన రెండు గదులు పోతాయి, ఇంటర్ చదువుతున్న కూతురు రేవతి చదువు పోతుంది. అన్నిటికీ మించి రంగడు పోతాడు. మునస్వామి నిలబడ్డాడు, నిలబడి, మాట మింగి, వెనక్కు వచ్చాడు. రేపు పొద్దున ఇంకా ఎక్కువ కారుతుంది, అప్పుడు వాళ్లే చూసి నమ్ముతారులే అనుకున్నాడు.

ముసలాయన చెప్పింది అదే కదా, మర్నాటికి ఆగొద్దని! ఆ మాట గుర్తుకు రాక కాదు, వచ్చే ఆగాడు. మీరైతే ఏం చేసేవాళ్లో మీరే ఆలోచించుకోండి. నేనైతే ఆయన్ని వెనకేసుకు రాను.

ఓబయ్యతో మాత్రం, "రేపు పొద్దున నేను వచ్చేదాకా వాడి ముందరికి పోబాక" అన్నాడు.

"ఎందుకప్పా?"

"మదం మాదిరి ఉండాది."

"సూది ఏసినారు గదప్పా! నీకు అనుమానం శానా" అని ఓబయ్య నవ్వి వెళ్లిపోయాడు.

సూదిని నమ్మాడు పిచ్చివాడు. తెల్లారి మునస్వామి వచ్చేసరికి ఓబయ్య బకెట్టు పట్టుకుని కొట్టంలో ఉన్నాడు, గోడకూ రంగడి నుదుటికీ మధ్య. అరుపు కూడా సరిగా రాలేదు. మునస్వామి రెండు చేతులా తొడలు చరుచుకుంటూ, "రంగా, రేయ్ రంగా" అని గొంతు చినిగేలా అరిచాడు. అంత మదంలోనూ రంగడు తల తిప్పాడు. ఓబయ్య గోడ నుంచి కిందికి జారాడు. తుంటి నుజ్జయింది, ఎడమకాలు తొడ దగ్గర రెండుచోట్ల విరిగింది.

అప్పుడు చెప్పాడు మునస్వామి. వాకిట్లో మఠంవాళ్లంతా గుమిగూడి ఉండగా, సూది మందు ఎండలో పెట్టింది తానేనని. అడిగినవాళ్లు లేరు. ఓబయ్యను జీపులో ఎక్కిస్తుంటే చెప్పకుండా ఉండలేకపోయాడు. ఆ వెంటనే రంగణ్ని తోపులో కట్టేశారు. ఉత్సవానికి వేరే ఊరి నుంచి ఏనుగును తెప్పించుకున్నారు. చూశారా, కావాలంటే దొరుకుతుంది!

తిరుపతి ఆస్పత్రిలో ఓబయ్య పదకొండు వారాలు ఉన్నాడు. మునస్వామి పోయి మంచం పక్కన నిలబడితే గోడ వైపు తిరిగే మాట్లాడాడు.

"మందు సెడగొట్టినావు, పోనీ. నువ్వు ఎందుకు సేసినావో నాకు తెలుసు. ఆ కాలు నేనూ సూస్తిని గదా. ముందుదినం నాతో ఒక్క మాట సెప్పుండకూడదాప్పా? సూది పని సెయ్యలేదు ఓబయ్యా అని? నేను ఆ పక్కకే పోయేవాణ్ని కాదే."

ఓబయ్య మళ్లీ ఆ నోటితో ఎగతాళి మాట ఒకటి అనలేదు. ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేడు.

డాక్టరు జయంతి మఠం వాకిట్లోనే నిలదీసింది. "నాతో చెప్పి ఉంటే పని తగ్గించమని కాగితం రాసిచ్చేదాన్ని కదన్నా!"

"రాసిస్తే ఇనేవాళ్లా మేడమ్?"

ఆమె రాసింది. సూది వేసేది ఏనుగు సుఖం కోసం, ఏడాదిలో మూడు నెలలు ఎప్పటిలాగే తోపులో వదిలితేనే వేస్తానని గట్టిగా రాసింది. పరంధామయ్య ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, షరతులు పెట్టని ఇంకో డాక్టర్ని వెతుక్కున్నాడు. మునస్వామి వెళ్లిపోయే రోజున తోపుకు పోనివ్వమని అడిగాడు. మదం దిగలేదు, దూరం నుంచి చూసి పొమ్మన్నారు. ఆ ఇరవై గజాల దూరంలోనే నిలబడి చూసి వచ్చేశాడు. చంద్రకాంతమ్మ మూటలు కట్టింది. రేవతి చదువు ఆగిపోయింది. ఏనుగు మాట వినపడని ఊరు కావాలని గూడూరు వచ్చారు.

రెండేళ్లు వినపడలేదు. రెండువేల ఎనిమిది మాఘంలో మండీ యజమాని వరదయ్య కొడుకు పెళ్లి వచ్చింది. మూడు రోజుల పెళ్లి. మొదటిరోజు సాయంత్రం ఊరేగింపుకు మండీ మనుషులంతా కొత్త తువ్వాళ్లు వేసుకుని రోడ్డుకు ఇరుపక్కలా నిలబడ్డారు. వాళ్లలో మునస్వామి. బ్యాండు వెనకాల, రంగుల బొంత కప్పుకుని, నుదుట నామంతో వస్తున్న ఏనుగును ఆయన చూడగానే గుర్తుపట్టాడు.

రాగిముద్ద మొహం చూసి ఎన్నాళ్లయిందో అన్నట్టు చిక్కిపోయాడు రంగడు. నుదుటి మీద అంకుశం గాట్లు, వాటి మీద రంగు పూశారు. వెనక కుడికాలు ఈడుస్తున్నాడు. మెడ మీద ఎవరో కొత్త మావటి. పక్కకు తప్పుకుందామని మునస్వామి అనుకునేలోపే గాలి అటు తిరిగింది. రంగడు ఠక్కున ఆగాడు. తొండం ఎత్తి గాలిని పీల్చి, జనంలోకి చూసి, గొంతులో గురగురమంటూ కుడి ముంగాలు మడిచి పైకెత్తాడు. ఎక్కు అన్నట్టు.

"నడురా!" అని కొత్త మావటి అరిచాడు. కాలు దిగలేదు. అంకుశం చెవి వెనక దిగింది. అయినా దిగలేదు. మళ్లీ దిగింది అంకుశం. నామం మీదుగా నెత్తురు కారింది. జనం ఏనుగు దండం పెడుతోందనుకుని చప్పట్లు కొట్టారు. మునస్వామి వాళ్లను తోసుకుంటూ, వెనక్కు చూడకుండా, మండీ దాకా పరుగెత్తాడు. తాను అక్కడ ఉన్నంతసేపూ ఆ కాలు దిగదని ఆయనకు తెలుసు.

మర్నాడు పొద్దున మళ్లీ ఊరేగింపు. పోకూడదనుకున్నాడు. పోకుండా ఉండలేకపోయాడు. ఇంకొక్కసారి చూడాలి, ఆ ఈడ్చే కాలికి ఏమైందో చూడాలి. వాడు మాత్రం తనను గుర్తుపట్టకూడదు. మండీలో మగ్గిన నిమ్మకాయల గుట్ట ఉంది. దాని ముందు కూర్చుని కాయలు పిండి పిండి మెడకు, చేతులకు, రొమ్ముకు, తలకు పూసుకున్నాడు. గోతాం దారం కోసిన వేళ్లు భగ్గున మండాయి. పక్కనున్నవాళ్లు, "ఏమప్పా మునస్వామీ, పిచ్చి పట్టిందా?" అన్నారు. చొక్కా కూడా ఆ రసంలో తడిపి తొడుక్కుని పోయి, ఒక కరెంటు స్తంభం పక్కన నిలబడ్డాడు.

రంగడు వచ్చాడు. నాలుగు బారల దూరంలోకి వచ్చాడు. తొండం ఒకసారి ఇటు తిరిగింది. గాలిని పీల్చింది. కుడి ముంగాలు నేల మీద నుంచి జానెడు లేచింది, ఒక్క క్షణం అట్లాగే ఆగి, మళ్లీ మెల్లగా నేల మీద ఆనింది. కొత్త మావటి అంకుశం ఎత్తనైనా లేదు. రంగడు తల దించుకుని, వెనక కాలు ఈడ్చుకుంటూ, బ్యాండు వెనకాల వెళ్లిపోయాడు.

ఆయన కోరుకున్నదే జరిగింది. దెబ్బ పడలేదు. స్తంభాన్ని పట్టుకుని, నలుగురూ చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా, మునస్వామి పెద్దపెట్టున ఏడ్చాడు. ఆ రోజు నుంచి ఇంట్లో సంగటి ముట్టడు. చంద్రకాంతమ్మ ఎందుకని అడగలేదు, తనకూ వండుకోవడం మానేసింది. ఆ కాలు దిగింది నిమ్మకాయల వాసనకా, ముందురోజు తిన్న అంకుశం దెబ్బలకా అన్నది మాత్రం ఆయనకు ఇప్పటికీ తెలియదు.